ధూల్‌పేటలో నా చేతిరాతతో చేయించుకున్న సంక్రాంతి పతంగులు

ముందే చెప్తున్నా, ఇది కాస్త పెద్ద రివ్యూ. రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తా, ఆ తగ్గిన ఒకటి ఎందుకో కూడా కింద చెప్తా.

విషయం ఏంటంటే, కొన్నేళ్ళుగా నేను కూడా అందరిలాగే భోగి రోజు పొద్దున్నే ఒక గంగిరెద్దు, ఒక ముగ్గు, పైన నాలుగు పతంగులు ఉన్న ఫోటో ఎవరో పంపింది తీసుకుని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేసేవాణ్ణి, అవతల నుంచి అదే ఫోటో ఇంకో ముగ్గురు పెట్టేవాళ్ళు, కింద రెండు దండాలు, అంతే పలకరింపు అయిపోయేది. మా చిన్నప్పుడు జగిత్యాలలో అట్లా ఉండేది కాదు, బాపు పండక్కి పది రోజుల ముందే బస్టాండు దగ్గర గ్రీటింగ్ కార్డులు కొనుక్కొచ్చి రాత్రి అన్నాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళతో ఒక్కో లైను రాయించేవాడు, సూరత్‌లో ఉన్న బాబాయికి పోయే కార్డు మీద మాత్రం మొత్తం తనే రాసేవాడు. తిరిగి వచ్చిన కార్డులన్నీ ఒక రేకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. పోయిన దసరాకి ఇంటికెళ్ళినప్పుడు ఆ పెట్టె తెరిచి చూశా, 90ల నాటి కార్డుల్లో బొమ్మలు వెలిసిపోయాయి కానీ చేతిరాతలు మాత్రం ఎవరివి వాళ్ళవే, పేరు చూడకుండానే ఇది అమ్మమ్మది ఇది అత్తమ్మది అని చెప్పేయొచ్చు. ఈసారి పండక్కి చేతిరాత పంపాలి అని అప్పుడే అనుకున్నా.

పతంగి మీద రాసి పంపాలన్న ఆలోచన ఎట్లా వచ్చిందంటే, అంతకు ముందు ఏడాది ఆన్‌లైన్‌లో ఒక చోట మా అక్క కొడుకు ఫోటో ప్రింట్ చేయించి ఒక పతంగి తెప్పించాను, చూడ్డానికి భలే ఉంది, కానీ అది ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు, బరువెక్కువ, ఎంత ఉరికినా గోడ దాటి లేవలేదు, పిల్లగాడు ఏడుపు మొహం పెట్టాడు. కాబట్టి ఎగరని పతంగి వద్దు, చేసేవాళ్ళ దగ్గరికే పోదాం అని డిసెంబర్ రెండో ఆదివారం హైదరాబాద్‌లోని ధూల్‌పేట వెళ్ళాను.

ధూల్‌పేట అంటే చాలామందికి వినాయకుడి విగ్రహాలే గుర్తొస్తాయి. కానీ చలికాలం వెళ్ళి చూడండి, అవే గల్లీల్లో ఇంటింటికీ వెదురు పుల్లలు, రంగు కాగితాల కట్టలు, అరుగుల మీద ఆరబెట్టిన పతంగులు. ఎప్పుడో తరాల కిందట బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ లోధీ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ, ఇంట్లో హిందీ మాట్లాడతారు. నేను చేయించుకున్నది అట్లాంటి ఒక ఇంట్లోనే. బోర్డు లేదు, ముందు గదే దుకాణం, వెనక గదిలో పని. వాళ్ళ పేరూ ఫోన్ నంబరూ ఇక్కడ పెట్టట్లేదు, పెట్టొద్దని వాళ్ళే అడిగారు, సీజన్‌లో ఉన్న ఆర్డర్లే ఎక్కువ అని. అయినా ఆ పక్క గల్లీల్లో అడిగితే ఇట్లాంటి పని చేసేవాళ్ళు ఇంకా దొరుకుతారు, కాబట్టి పని ఎట్లా ఉంటుందో, ఏమేం అడగాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఇంటి పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి, ఆయన కూతురు చదువుకుంటోంది. నేను పోయి "సంక్రాంతి శుభాకాంక్షలు" అని తెలుగులో రాసి ఐదు పతంగులు కావాలన్నాను. ఆయన కాగితం మీద రాయమన్నాడు, రాశాను, చూసి తల అడ్డంగా ఊపాడు. అంత రాస్తే ఎగరదు సాబ్ అన్నాడు. ఎందుకంటే వాళ్ళు అక్షరాలు పెయింటుతో రాయరు, ప్రింటు అసలే కాదు. పల్చటి పతంగి కాగితం తడి పడితే ముడుచుకుపోతుంది, రంగు ఆరాక బిర్రుగా అయ్యి ఒక పక్కకి లాగుతుంది. అందుకని వేరే రంగు కాగితంలోంచి అక్షరాల్ని కత్తెరతో కత్తిరించి, మైదాపిండి ఉడకబెట్టిన జిగురు చాలా పల్చగా రాసి అతికిస్తారు. అక్షరాలు పెరిగితే బరువు పెరుగుద్ది, ఒక రెక్క మీద నాలుగు, ఇంకో రెక్క మీద ఆరు పడితే పతంగి గిరగిరా తిరిగి కిందికి దూకుద్ది. ఆరేడు అక్షరాలు, మధ్యలోకి వచ్చేట్టు, అంతకంటే వద్దు అన్నాడు.

అక్కడే ఆ అరుగు మీద కూర్చుని అరగంట ఆలోచించాను, నిజంగా చెప్తున్నా అంత ఆలోచన ఏ పండక్కీ ఏ గ్రీటింగ్‌కీ చేయలేదు. శుభాకాంక్షలు, సుఖసంతోషాలు, సిరిసంపదలు ఇవన్నీ పక్కన పెట్టేస్తే ఒక మనిషికి ఆరు అక్షరాల్లో ఏం చెప్తాం? అమ్మానాన్నలకి "బాపూ, అమ్మా" అని పిలుపు మాత్రమే రాశాను, అదే చాలనిపించింది. అమ్మమ్మకి "సల్లగుండు" అని, ఆమె అందరికీ చెప్పే మాటే ఆమెకి తిప్పి పంపడం. వరంగల్‌లో ఉన్న అక్కకి "అక్కా పేంచ్!" అని, ఎందుకంటే చిన్నప్పుడు మేడ మీద పేంచ్ వేసేది (అవతలివాళ్ళ దారానికి మన దారం మెలేసి తెంపేది) అక్కే, చర్ఖా, అంటే దారం చుట్టిన చక్రం, పట్టుకోవడం మాత్రమే నా పని. సూరత్ బాబాయికి "ఇంటికి రా" అని. ఐదోది మా దోస్తుకి, వాడు దుబాయిలో ఉంటాడు, మా జగిత్యాల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా, వాణ్ణి చిన్నప్పటి నుంచి పిలిచే పిలుపు "చిన్నోడా" అని. అది అక్కడికి పంపే ఉద్దేశం లేదు, ఇక్కడ నేనే ఎగరేసి వీడియో కాల్‌లో చూపిద్దామని.

ఇప్పుడు అసలు గొప్పతనం చెప్తా. పెద్దాయనకి తెలుగు చదవడం రాదు. అందుకని నేను కాగితం మీద రాసిన అక్షరాన్ని అచ్చం అట్లాగే పెద్దది చేసి గీసుకుంటాడు, నేను 'బా'కి దీర్ఘం ఎట్లా పక్కకి లాగితే అట్లాగే, నా 'మ్మ' ఒత్తు కొంచెం దూరంగా వేలాడితే అది కూడా అట్లాగే. చదవడం వచ్చిన వాళ్ళయితే వాళ్ళ సొంత రాతలోకి మార్చేసేవాళ్ళేమో, ఈయన బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు గీస్తాడు. కూతురు స్కూల్లో తెలుగు నేర్చుకుంది, తను తప్పులు సరిచూస్తుంది. ఒక పతంగి నా ముందే చేసి చూపించారు. నిలువు పుల్ల కాస్త గట్టిది, అడ్డంగా విల్లులా వంచే పుల్ల చాలా సన్నగా చివర్లకి చెక్కింది, దాన్ని బుగ్గకి ఆనించి వంచి చూసి రెండు వైపులా ఒకేలా వంగుతోందా లేదా అని తెలుసుకుంటాడు. అక్షరాలు అతికించాక దారం కట్టి (మా అమ్మమ్మ వాళ్ళు దీన్ని సూత్రం కట్టడం అంటారు) ఆ ముడి దగ్గర పట్టుకుని గాల్లో వేలాడదీశాడు, కుడి రెక్క ఒక వెంట్రుకంత కిందికి వాలింది, వెంటనే ఎడమ రెక్క చివర గోరంత కాగితం ముక్క అతికించాడు. మళ్ళీ వేలాడదీశాడు. సమానంగా నిలబడింది. ఈ ఒక్క పని కోసం నేను ఐదు స్టార్లు ఇచ్చేద్దామనుకున్నా.

ఒక్కో పతంగి 90 రూపాయలు తీసుకున్నాడు, పంపడానికి రెండు అట్టల మధ్య పెట్టి దారంతో కట్టే ప్యాకింగ్‌కి ఇంకో 40. మామూలు పతంగితో పోలిస్తే ఎక్కువే, కానీ ఒక్కోదానికి దాదాపు గంట పని ఉంది, నాకు ఎక్కువ అనిపించలేదు. ప్యాకెట్‌లో మాంజా (పేంచ్ వేయడానికి గాజుపొడి పూసిన దారం) పెట్టమంటే పెట్టను అన్నాడు. సాదా కాటన్ దారం చిన్న ఉండ ఒకటి పెడతాను, కావలసిన వాళ్ళు వాళ్ళ ఊళ్ళో కొనుక్కుంటారు, నైలాన్ది మాత్రం నా ఇంట్లోకే రానివ్వను అన్నాడు. అది సరైన మాట. చైనా మాంజా అని పిలిచే ఆ నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా ప్రతి జనవరిలో బండి మీద పోయేవాళ్ళ మెడలు తెగిన వార్త ఏదో ఒకటి చదువుతూనే ఉన్నాం, పిట్టల సంగతి చెప్పక్కర్లేదు. ప్రేమగా పంపే వస్తువుతో పాటు అది పోకూడదు.

సరే ఇప్పుడు ఆ తగ్గిన స్టారు. రెండు తప్పులు జరిగాయి. ఒకటి దుకాణం వాళ్ళది. అమ్మమ్మకి పోవాల్సిన దాని మీద "సల్లగుండు" బదులు "సల్లగుడు" అని వచ్చింది, సున్నా ఎగిరిపోయింది, ఆ రోజు కూతురు పరీక్షకి వెళ్ళిందట, సరిచూసేవాళ్ళు లేరు. తీసుకోవడానికి పోయినప్పుడు నేనే చూశాను కాబట్టి సరిపోయింది, పెద్దాయన ఒక్క మాట అనకుండా అక్కడికక్కడే సున్నా కత్తిరించి అతికించి మళ్ళీ తూకం చూసి ఇచ్చాడు, కానీ ఇరుకులో పెట్టినట్టు ఉంది. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చి డైరెక్టుగా పంపించేసుకునే వాళ్ళు ఫోటో తెప్పించుకుని అక్షరం అక్షరం చూడండి, ముఖ్యంగా సున్నాలు, ఒత్తులు, దీర్ఘాలు. రెండోది దుకాణం వాళ్ళ తప్పు కాదు, అక్కకి పంపిన ప్యాకెట్ ఒక కొరియర్‌లో వేశాను, వాళ్ళు దాని మీద ఏం బరువు పెట్టారో ఏమో, నిలువు పుల్ల రెండు ముక్కలై వచ్చింది, అట్ట మీద పెళుసు వస్తువు అని ఎర్ర పెన్నుతో నేనే రాసినా లాభం లేకపోయింది. మిగతావి స్పీడ్ పోస్టులో వేశాను, చెక్కుచెదరకుండా చేరాయి. విరిగేది ఎప్పుడూ నిలువు పుల్లే, విల్లు పుల్ల వంగుద్ది కాబట్టి తట్టుకుంటుంది, కాబట్టి ప్యాకింగ్ చేసేటప్పుడు నిలువు పుల్ల వెంబడి ఒక చీపురుపుల్లలాంటిది ఆనించి కట్టమని అడగండి. వచ్చేసారి నేను అట్లాగే చేయిస్తా. అక్క మాత్రం ఆ విరిగిన చోట అగ్గిపుల్ల ఆనించి దారం చుట్టి ఎగరేసింది, పేంచ్ కూడా వేసిందట, బావ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

బాపు ఫోన్ పదమూడో తారీఖు పొద్దున వచ్చింది. మామూలుగా మా బాపు ఫోన్ అంటే ఎట్లున్నవ్, తిన్నవా, సరే పెడుతున్న, ఇంతే. ఆ రోజు "గిది నీ రాతే గదరా" అన్నాడు. అవును బాపూ అన్నా. "గంత పెద్దగ ఎట్ల రాసినవ్?" రాయలేదు బాపూ, నా రాత చూసి కత్తిరించిర్రు అని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని, "పొద్దుగాల నుంచి దాన్ని దండెం మీద ఏలాడదీసి సూస్తుండు, ముగ్గెయ్యనిస్తలేడు, సకినాలు సల్లారిపోతున్నయ్" అంది. పద్నాలుగున సాయంత్రం పక్కింటి పిల్లలతో కలిసి ఎగరేశారట, ఎండ వెనక నుంచి పడ్డప్పుడు పసుపు కాగితం మీద ఆ ఎర్ర అక్షరాలు కొట్టొచ్చినట్టు కనబడ్డాయంట, కాగితం మీద కాగితం అతికించడం వల్ల ఆ చోట ముదురుగా ఉంటుంది కాబట్టి కింద నుంచి స్పష్టంగా చదవొచ్చు. ప్రింట్ చేసిన ప్లాస్టిక్ దాంట్లో ఇది రాదు. ఇంకో మాట, దారం కట్టే వైపు నుంచి చదివేట్టు అతికించమని ముందే చెప్పాలి, లేకపోతే ఎగరేసే వాళ్ళకి అక్షరాలు తిరగబడి కనబడతాయి. మా పెద్దాయన తనే అడిగాడు, అందరూ అడగరు.

సూరత్ సంగతి వేరు. అక్కడ పద్నాలుగు, పదిహేను రెండు రోజులూ ఊరు ఊరంతా మేడల మీదే, రెండో రోజుని వాసి ఉత్తరాయణ్ అంటారు. బాబాయి మరమగ్గాల పని మీద అక్కడికి పోయింది, అహ్మదాబాద్‌లో అంతర్జాతీయ పతంగుల పండుగ 1989లో మొదలైంది కదా, దాని తర్వాతి ఏడాది, అందుకే ఆయనకి ఆ లెక్క ఎప్పుడూ గుర్తు. లింబాయత్ వైపు మనోళ్ళు చాలామంది ఉన్నారు, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పోయిన నేత కుటుంబాలు, తెలుగు మీడియం మున్సిపల్ బళ్ళు కూడా ఉన్నాయి. బాబాయి కొడుకులు, మా తమ్ముళ్ళిద్దరూ మాత్రం ఇంగ్లీష్ మీడియం, తెలుగు గడగడా మాట్లాడతారు, చదవడం రాదు. పతంగి చేరిన రోజు వాళ్ళలో చిన్నవాడు వీడియో కాల్ చేసి "అన్నా, దీని మీద ఏం రాసినవ్, నాన్న చెప్తలేడు" అన్నాడు. వెనక బాబాయి మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. చిన్నమ్మ వచ్చి పతంగిని గోడకి ఆనించి వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివించింది, ఇది 'ఇ', పైన సున్నా కాదు పక్కన సున్నా, ఇది 'ట'కి గుడి 'టి', ఇట్లా. వాడు నాలుగైదు సార్లు కూడబలుక్కుని చదివేశాడు, చదివి వాళ్ళ నాన్న వైపు చూసి "ఇంటికి రా అంట నాన్నా, ఇది ఇల్లు కాదా?" అన్నాడు. బాబాయి నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, జవాబు మాత్రం చెప్పలేదు. సూరత్ మాంజా ఎంత పేరున్నదో తెలుసు కదా, అంత మాంజా ఉన్న ఊళ్ళో ఆ పతంగిని మాత్రం ఎగరేయలేదు, కట్ అయితే పోతుందని.

దోస్తు పతంగి నేను మా మెహదీపట్నం మేడ మీద ఎగరేశాను. మా అమ్మాయిని ఫోన్ పట్టుకోమని దుబాయికి కాల్ కలిపితే వాడు డ్యూటీ మధ్యలో బయటికొచ్చి చూశాడు. వాడి పిలుపు ఆకాశంలో కనబడేసరికి ఏదో అరిచాడు, గాలి శబ్దంలో వినబడలేదు. పది నిమిషాల్లో ఎవరో కట్ చేసేశారు. వాడు అది కూడా చూశాడు. పావుగంటకి పక్క బిల్డింగ్ పిల్లగాడు ఆ పతంగి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు, మామూలుగా దొరికిన పతంగి ఎవరూ తిరిగివ్వరు, అది పతంగుల ఆటలో లేనే లేదు, కానీ వాడు "అంకుల్, దీని మీద ఎవర్నో పిలిచినట్టుంది, అందుకే తెచ్చిన" అన్నాడు. ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

చేయించుకోవాలనుకునే వాళ్ళకి, డిసెంబర్ 20 దాటితే వాళ్ళు కొత్త ఆర్డర్ తీసుకోరు, జనవరి మొదటి వారంలో పోతే మామూలు పతంగులే దొరుకుతాయి. రాత మీరే రాసి తీసుకెళ్ళండి, వీలైతే లావు స్కెచ్ పెన్నుతో, టైప్ చేసిన ప్రింటవుట్ వద్దు. వేరే రాష్ట్రానికి అయితే పండక్కి పన్నెండు రోజుల ముందు పోస్టులో పడాలి. సాయంత్రం చీకటి పడే టైంలో ఎగరేయొద్దని ప్యాకెట్‌లో ఒక చీటీ నేను రాసి పెట్టాను, పిట్టలు గూళ్ళకి చేరే టైం అది, కరెంటు తీగల్లో చిక్కితే వదిలేయమని కూడా రాశాను.

కనుమ అయ్యాక నేను జగిత్యాల వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో బాపు చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. "వచ్చే పండక్కి నాది గూడ ఒకటి చేయించు, సూరత్‌కి" అన్నాడు. రూళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం, దాని మీద లావుగా, ఒక్కో అక్షరం రెండుసార్లు దిద్ది, "తమ్మీ రారా" అని రాసి ఉంది. నాలుగే అక్షరాలు, తూకం కూడా సరిపోతుంది. కాగితం బీరువాలో పెట్టాను, డిసెంబర్ మొదటి ఆదివారం ధూల్‌పేట పోవాలి.